గ్లూటెన్ లేని తిండి, దిగొచ్చిన సరుకుల బిల్లు: నా అనుభవం

మా అమ్మాయికి సీలియాక్ జబ్బని తేలింది, అంటే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగులు దెబ్బతింటాయి. దాంతో ఆ గ్లూటెన్ ఉండే గోధుమ, బార్లీ, రై (గోధుమలాంటి ఓ ధాన్యం) మూడూ బంద్. నెల తిరిగేసరికి సరుకుల బిల్లు దాదాపు రెట్టింపయింది. కూపన్లు, పెద్ద ప్యాకెట్లు, షాపు మార్చడం, ఇంట్లోనే బ్రెడ్ (ఇటుకలా వచ్చింది), అన్నీ అయ్యాయి.

చివరికి పనిచేసింది ఇది. నెల రోజుల బిల్లులు బల్ల మీద పరిచి, ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాసి ఉన్నందుకే కొన్న ప్రతిదాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. బిస్కెట్లు, పాస్తా, కేకు పిండి... డబ్బంతా అక్కడే పోతోంది! తర్వాత ఒక్కో సున్నా దగ్గర ఆగి, దీని బదులు అసలు గ్లూటెనే ఉండనిది ఏముందని చూశాను. పాస్తాకి బదులు అన్నం, బిస్కెట్లకి బదులు వేయించిన పల్లీలు. అలా కొట్టేసుకుంటూ పోతే మిగిలినవి రెండే: బ్రెడ్, ఓట్స్.

బ్రెడ్ ఇదివరకు సగం బూజు పట్టేది. ఇప్పుడు తెచ్చిన రోజే ముక్కల మధ్య కాగితం పెట్టి ఫ్రీజర్‌లో పడేస్తున్నా, కావలసిన రెండే తీస్తున్నా. ఓట్స్ దగ్గర మాత్రం పిసినారితనం లేదు. మామూలు ఓట్స్‌లో గోధుమ కలిసిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు మించదనే లేబుల్ ఉంటేనే కొంటాను. విడిగా తూచి ఇచ్చే పిండ్లూ అందుకే మానేశాం.

బిల్లు పాత లెక్కకి దగ్గరగా వచ్చింది. అన్నం పెద్దగా తినని ఇంట్లో ఇంత తగ్గకపోవచ్చు. పల్లీలు, పప్పులు కూడా పడనివాళ్లకి ఈ దారి సగం మూసుకున్నట్టే.