మీ బ్యాంక్సియా పసుపెక్కుతోందా? ముందు ఎరువు బస్తా పక్కన పెట్టండి

మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్, ట్రుగనీనా, విండమ్ వేల్‌లలో కొత్తగా ఇల్లు కట్టుకున్న మనవాళ్లు ముందు కరివేపాకు, మల్లె, గులాబీ పెట్టేసి, ఆ తర్వాత ఇంటి ముందు ఈ దేశపు మొక్క ఒకటి ఉంటే బాగుంటుందని బ్యాంక్సియా తెస్తారు. నేనూ అలాగే తెచ్చాను. నాటిన రోజే రెండు గుప్పెళ్ల కోళ్ల పెంట గుళికలు వేసి పాదు కట్టి నీళ్లు పోశాను. గులాబీకి ఏం చేస్తామో అదే చేశాను. రెండు నెలల్లో మొక్క చచ్చిపోయింది. చాలా బాధేసింది, ఎందుకంటే అది పట్టించుకోకపోవడం వల్ల పోలేదు, నేను పెట్టిన తిండి వల్లే పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో నాలుగు బ్యాంక్సియాలు బాగా పూస్తున్నాయి. ఎవరైనా ఫొటో పంపి "ఏమైందండీ దీనికి" అని అడిగితే నేను ఏ వరుసలో చూస్తానో అదే రాస్తున్నాను.

ఆకులు పసుపెక్కి, అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరుగుతున్నాయి

మొదటి అనుమానం భాస్వరం (ఫాస్ఫరస్) మీదే పెట్టుకోండి. గత రెండు మూడు నెలల్లో ఏం వేశారో గుర్తు తెచ్చుకోండి: కోళ్ల పెంట, ఎముకల పొడి, గులాబీ ఎరువు, టమాటా ఎరువు, పక్కనున్న లాన్‌కి చల్లింది ఏదైనా సరే.

ఆస్ట్రేలియా నేలలు చాలావరకు పాతవి, లక్షల ఏళ్ల వానలకు భాస్వరం దాదాపు కొట్టుకుపోయిన నేలలు. అలాంటి చోట బతకడానికి బ్యాంక్సియా నేల పైపొరలోనే కుచ్చులు కుచ్చులుగా సన్నటి వేళ్లు వేస్తుంది. ఆ వేళ్లు ఆమ్లాలు వదిలి, మట్టికి అతుక్కుపోయిన కాస్త భాస్వరాన్ని కూడా కరిగించి లాగేసుకుంటాయి. లాగడం తెలుసు కానీ చాలనుకున్నప్పుడు ఆపడం సరిగ్గా తెలియదు. మనం గుప్పెడు వేస్తే ఉన్నదంతా పీల్చుకుని, అది ఆకుల్లో పేరుకుని, మొక్క విషమెక్కినట్టు అయిపోతుంది. దాంతోపాటు ఇనుము కూడా సరిగ్గా అందదు, అందుకే కొత్త ఆకులు పాలిపోతాయి. మన ఊళ్లో వాడే డీఏపీలో భాస్వరం దాదాపు 20 శాతం (బస్తా మీద ఉండే 46 ఆక్సైడ్ లెక్క), బ్యాంక్సియా ఏమో కొద్దిపాటి భాస్వరానికే ఇబ్బంది పడే మొక్క.

చేయాల్సింది: కనిపించే గుళికలు, వాటితో కలిసిన పైమట్టి చేత్తో మెల్లగా తీసేయండి, పార పెట్టి తవ్వొద్దు, వేళ్లు పైనే ఉంటాయి. నీళ్లు బాగా ఇంకిపోయే నేలైతే ఒకట్రెండు సార్లు నిండుగా తడపండి. బంకమట్టి అయితే భాస్వరం అంత తేలిగ్గా కిందికి దిగదు, ఊరికే నీళ్లు పోస్తే వేరుకుళ్లు అదనంగా వస్తుంది. ఐరన్ చీలేట్ (మొక్కకి ఇనుము అందించే మందు) డబ్బా మీద రాసిన మోతాదులో నీళ్లలో కలిపి పోయండి. కుండీలో ఉంటే నేటివ్ మొక్కల (ఈ దేశపు సొంత మొక్కల) పాటింగ్ మిక్స్‌లోకి మార్చేయండి. ఆ తర్వాత ఒక ఏడాది ఏ ఎరువూ వద్దు. ఎప్పుడైనా వేయాలనిపిస్తే నేటివ్ మొక్కలకని అమ్మే, నెమ్మదిగా కరిగే ఎరువు, అదీ కొంచెమే.

వాషింగ్ మెషీన్ నీళ్లు తోటకి మళ్లించే అలవాటు మన ఇళ్లలో చాలా ఉంది. కొన్ని సబ్బు పొడుల్లో భాస్వరం ఉంటుంది. ప్యాకెట్ మీద 'ఎన్‌పీ' అని ఉంటే భాస్వరం దాదాపు లేనట్టే, వట్టి 'పీ' అని ఉంటే కొంత ఉన్నట్టు. అసలు ఆ నీళ్లు బ్యాంక్సియాకి పోయకపోవడమే మంచిది, ఎన్‌పీ పొడుల్లో కూడా ఉప్పు, క్షారం ఉంటాయి.

కొత్త ఆకులు మాత్రమే పసుపు, ఈనెలు ఆకుపచ్చగా ఉన్నాయి, అంచులు కాలలేదు

ఎరువేమీ వేయలేదంటే ఇది మట్టిలో క్షారం ఎక్కువై ఇనుము అందకపోవడం. కొత్త ఇళ్ల గోడల పక్కన, డ్రైవ్‌వే అంచున ఎక్కువ, ఎందుకంటే అక్కడి మట్టిలో సిమెంటు పెళ్లలు కలిసిపోయి ఉంటాయి. ఐరన్ చీలేట్‌తో కొన్ని వారాల్లో కొత్త చిగురు పచ్చగా వస్తుంది, కానీ మట్టి మారదు కాబట్టి మళ్లీ మళ్లీ పోయాల్సిందే. మొక్క ఇంకా చిన్నదైతే, గంధకం కలిపి మట్టి మారేదాకా ఆగడం కన్నా వేరే చోట కొత్తది పెట్టుకోవడం నయం.

నిన్నటిదాకా బాగానే ఉంది, వారంలో మొత్తం ఎండిపోయింది

అందరూ భయపడేది దీనికే. రెండు కారణాలు ఉంటాయి, రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం, కాబట్టి నీళ్లు పోసేముందు మొక్క మొదట్లో మట్టిలో వేలు పెట్టి చూడండి.

మట్టి పొడిగా ఉంటే దాహం. బ్యాంక్సియా ఆకు గట్టిగా తోలులా ఉంటుంది, తులసిలా వాడి తలవంచి మనకు ముందే చెప్పదు. చిగుళ్లు వంగాయంటే అప్పటికే ఆలస్యం. నాటిన మొదటి రెండు వేసవులు వారానికి ఒకటి రెండు సార్లు లోతుగా నీళ్లు కావాలి. నేటివ్ మొక్కకి నీళ్లక్కర్లేదన్న మాట నమ్మి చాలామంది మొక్కల్ని చంపుకుంటున్నారు, అది వేళ్లు పట్టిన మొక్కకి వర్తించే మాట. ఇంకో సంగతి, చుట్టూ మట్టి తడిగా ఉన్నా నర్సరీ నుంచి వచ్చిన వేరుముద్ద లోపల ఎండిపోయి ఉండొచ్చు. నాటేముందు కుండీతో సహా బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచండి.

మట్టి తడిగా ఉండి, మొక్క ఎండితే వేరుకుళ్లు. దీనికి ముఖ్య కారణం ఫైటాఫ్తోరా సిన్నమోమి అనే సూక్ష్మజీవి. పశ్చిమ ఆస్ట్రేలియా అడవుల్లో బ్యాంక్సియాల్ని పెద్ద ఎత్తున చంపుతోంది ఇదే, అందుకే అక్కడ నడకదారుల మొదట్లో బూట్లు శుభ్రం చేసుకోమని బోర్డులు, బ్రష్‌లు పెడతారు. మట్టితోపాటే పాకుతుంది, కాబట్టి చచ్చిన మొక్క దగ్గర వాడిన పార, గునపం కడగకుండా ఇంకో మొక్క దగ్గరికి తీసుకెళ్లొద్దు.

మొక్కలో ఇంకా సగమైనా పచ్చదనం ఉంటే పొటాషియం ఫాస్ఫొనేట్ మందు ఆకుల మీద కొట్టి చూడొచ్చు. పేరు చూసి భయపడకండి, ఇది ఎరువులో ఉండే ఫాస్ఫేట్ కాదు. మట్టిలో ఉన్న జబ్బుని చంపదు, మొక్కకి తట్టుకునే శక్తినిస్తుంది అంతే. పూర్తిగా ఎండితే తీసేయండి, అదే గుంటలో మళ్లీ బ్యాంక్సియా పెట్టొద్దు.

అసలు మందు నాటే పద్ధతిలోనే ఉంది. మా వైపు నేల లావా రాయి నుంచి వచ్చిన బంకమట్టి, మన నల్లరేగడి చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది: వానకి బంక, ఎండకి నెర్రెలు. అందులో గుంట తవ్వి ఇసుక మట్టి నింపితే అది నీటితొట్టి అవుతుంది, చుట్టూ ఉన్న నీళ్లన్నీ అందులోకే దిగుతాయి. తవ్వకండి, పైకి పోయండి. అడుగు, అడుగున్నర ఎత్తు దిబ్బ వేసి దాని మీద నాటండి. బంకమట్టిని వదులు చేసే జిప్సం వేయాలా వద్దా తెలియాలంటే ఎండిన మట్టిగడ్డ ఒకటి వాననీళ్ల గ్లాసులో వేసి కదపకుండా ఒక రోజు ఉంచండి. చుట్టూ పాలలా కలకబారితే జిప్సం పనిచేస్తుంది, లేకపోతే డబ్బు దండగ.

రకం ఎంపిక కూడా సగం పని. ఎర్రటి పూల కాక్సినియా, మెంజీసీ లాంటివి పశ్చిమ ఆస్ట్రేలియా ఇసుక నేలల మొక్కలు, చూడగానే మనసు లాగేస్తాయి కానీ మన బంకమట్టిలో గానీ, సిడ్నీ, బ్రిస్బేన్ ఉక్కలో గానీ నిలబడవు. అంతగా కావాలంటే ఇంటెగ్రిఫోలియా అనే ఇంకో బ్యాంక్సియా వేరు మీద అంటుకట్టినవి దొరికితే తీసుకోండి. మొదటిసారి పెట్టేవాళ్లకి నేను స్పైన్యులోసా అనే రకం చెప్తాను. దాంట్లో బర్త్‌డే క్యాండిల్స్ అనే పొట్టి రకం కుండీలో కూడా బాగుంటుంది. నీళ్లు నిలిచే మూల ఉంటే రోబర్ రకం పెట్టండి, అది చిత్తడి నేలల మొక్క.

కొత్త చిగురు తుప్పు రంగులో, నూగుతో ఉంది

జబ్బు కాదు. రోబర్ లాంటి వాటికి లేత ఆకులు ముఖమల్ గుడ్డలా గోధుమ నూగుతోనే వస్తాయి. మందు కొట్టకండి.

కాండం మీద, పాత పూకంకుల మీద రంపపు పొట్టు లాంటిది, బూజులాంటి గూడు

కాండం తొలిచే పురుగు. గూడు తీసేసి, రంధ్రంలోకి సన్నటి తీగ దూర్చి పురుగుని చంపండి. కొమ్మ బాగా తినేసి ఉంటే కిందికి కోసేయండి. పూకంకుల్లో ఉంటే నేనైతే వదిలేస్తాను. పసుపు తోక నల్ల కాకటూలు వచ్చి ఆ పురుగుల కోసం కంకుల్ని చీల్చి పడేస్తాయి, మా పెద్ద చెట్టు కింద అలా చెత్త కనిపించిన రోజు ఇంటిల్లిపాదీ బయటికి వచ్చి చూశాం.

ఆకులు నల్లగా మసి పట్టి, చీమలు బారులు కడుతుంటే కొమ్మల మీద పొలుసు పురుగు ఉన్నట్టు. తోటకు వాడే వైట్ ఆయిల్‌ని సాయంత్రం ఎండ తగ్గాక కొట్టండి, ఎండలో కొడితే ఆకులు మాడతాయి.

మొక్క ఏపుగా ఉంది, పువ్వే లేదు

విత్తనం నుంచి పెంచినదైతే ఓపిక పట్టండి, నాలుగైదేళ్లు మామూలే. కొమ్మ నాటి పెంచినది త్వరగా పూస్తుంది. నీడలో ఉంటే పూయదు. ఇవి రెండూ కాకపోతే కత్తెర మీద అనుమానం. స్పైన్యులోసా, ఎరిసిఫోలియా రకాలు ఇక్కడి శరదృతువు (మార్చి–మే), చలికాలాల్లో (జూన్–ఆగస్టు) పూస్తాయి, మొగ్గలు వేసవిలోనే (డిసెంబర్–ఫిబ్రవరి) మొదలవుతాయి. ఫిబ్రవరిలో నున్నగా కత్తిరిస్తే మొగ్గలన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. పూలు అయిపోగానే, సెప్టెంబర్ ప్రాంతంలో కత్తిరించండి. ఒకసారి కొమ్మలు పక్కకి తీసి లోపల కూడా చూడండి, ఈ రెంటిలో పూలు చివర్లలో కాకుండా పొద లోపల ఉంటాయి.

ఎంత కిందికి కోయొచ్చు అంటే రకాన్ని బట్టి. సెర్రాటా, రోబర్ రకాలకి నేల దగ్గర గడ్డలాంటి మొదలు ఉంటుంది, కార్చిచ్చు తర్వాత కూడా అక్కడి నుంచి చిగురించగలవు, గట్టిగా కోసినా తిరిగొస్తాయి. ఎరిసిఫోలియాకి అది లేదు. ఆకు లేని పాత కొయ్యలోకి కోస్తే ఆ కొమ్మ మళ్లీ చిగురించదు, కాబట్టి ఎప్పుడూ కోత కింద కొంత పచ్చదనం మిగిలేలా చూసుకోండి.