జీవశాస్త్రం సొంతంగా – 4వ పాఠం: గుండె గదులు లెక్కపెట్టడం

వెన్నెముక ఉన్న జంతువులను గత పాఠంలో ఐదు విభాగాలుగా రాసుకున్నాం: చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు. ఆ పట్టికలో ఇవాళ మరో గడి చేర్చి, పైన ‘గుండె గదులు’ అని రాయండి. వర్గీకరణను ఒక పుస్తకంలో, శరీర వ్యవస్థలను ఇంకో పుస్తకంలో రాసుకుంటే రెండూ బట్టీ పట్టాల్సి వస్తుంది. ఈ ఒక్క గడి ఆ రెండింటినీ కలుపుతుంది.

చాలా చేపల గుండెలో ఒక కర్ణిక (రక్తం వచ్చి చేరే గది), ఒక జఠరిక (రక్తాన్ని బయటికి తోసే గది) ఉంటాయి. గుండె నుంచి రక్తం మొప్పలకు వెళ్లి, అక్కడ ఆక్సిజన్ అందుకుని, నేరుగా శరీరానికి పోతుంది. ఒక చుట్టులో గుండెకు ఒక్కసారే వస్తుంది కాబట్టి ఇది ఏకవలయ ప్రసరణ.

కప్ప దగ్గర నిదానించండి. రెండు కర్ణికలు, ఒకటే జఠరిక. మంచి రక్తం (ఆక్సిజన్ ఎక్కువ ఉన్నది), చెడు రక్తం (ఆక్సిజన్ తక్కువ ఉన్నది) కలిసిపోతాయి కనుక అది లోపమున్న గుండె అని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. కప్ప చర్మంతో కూడా శ్వాసిస్తుంది. చర్మంలో ఆక్సిజన్ అందుకున్న రక్తం కుడి కర్ణికకు చేరుతుంది, ఊపిరితిత్తుల రక్తం ఎడమ కర్ణికకు. నీటిలో మునిగి ఉన్నప్పుడు ఊపిరితిత్తులకు పని ఉండదు. అప్పుడు జఠరికలో గట్టి అడ్డుగోడ ఉంటే, చర్మం తెచ్చిన ఆక్సిజన్ శరీరానికి ఎలా అందుతుంది? ఆ జీవితానికి తగిన గుండే అది.

సరీసృపాల్లో జఠరిక అసంపూర్తిగా విడిపోతుంది. మొసళ్లకు మాత్రం నాలుగు గదులు. పక్షులకూ క్షీరదాలకూ నాలుగే. ఈ రెంటినీ వేరు చేయాలంటే మహాధమని (గుండె నుంచి శరీరానికి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం) చాపం, అంటే దాని వంపు, చూడాలి: పక్షుల్లో కుడివైపుకు, క్షీరదాల్లో ఎడమవైపుకు వంగుతుంది.

ఇప్పుడు మన గుండె. శరీరం నుంచి వచ్చే రక్తం కుడి కర్ణిక, కుడి జఠరిక దాటి, పుపుస ధమని గుండా ఊపిరితిత్తులకు వెళ్తుంది. పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు తిరిగొచ్చి, ఎడమ జఠరిక నుంచి మహాధమనిలోకి పోతుంది. గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయేది ధమని, గుండెకు తెచ్చేది సిర. ఆక్సిజన్‌ను బట్టి పేరు పెట్టలేదు. అందుకే పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువ ఉన్నా అది ధమనే. మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

విశ్రాంతిలో గుండె నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటుంది, ప్రతిసారీ ఎడమ జఠరిక దాదాపు 70 మిల్లీలీటర్లు పంపుతుంది. గుణించండి: సుమారు 5 లీటర్లు. పెద్దవారి ఒంట్లో ఉండే రక్తం కూడా దాదాపు అంతే!

ఇక చేతిపని. మటన్ దుకాణంలో మేక గుండె అడిగి తెచ్చుకోండి. పెద్దవాళ్లు పక్కన ఉండగా, కొన వైపు నుంచి మూడో వంతు దగ్గర అడ్డంగా కోయండి. మందపాటి గోడతో గుండ్రంగా కనిపించేది ఎడమ జఠరిక. దాన్ని అంటిపెట్టుకుని పల్చటి గోడతో నెలవంకలా ఉన్నది కుడిది. కుడిది పక్కనున్న ఊపిరితిత్తుల వరకు తోస్తే చాలు, ఎడమది కాలి గిట్టల దాకా తోయాలి. రెండు గోడల మందాన్నీ స్కేలుతో కొలిచి రాసుకోండి.

తర్వాత ఈ నాలుగింటికి గడి నింపండి: గబ్బిలం, సముద్ర గుర్రం, తిమింగలం, సాలమాండర్. పేరునూ ఆకారాన్నీ నమ్మకండి. 5వ పాఠంలో జవాబులు సరిచూసుకుని, బొద్దింక పదమూడు గదుల గుండెను తెరుద్దాం.