కాలవ గట్టు మీద కోడి కాల్చాలంటే

కనుమకి మా ఊరి కాలవ గట్టు మీద కోడి కాల్చని ఏడాది లేదు. ఇన్నేళ్లలో నేను ఎక్కువగా చూసిన తప్పు ఒక్కటే, మంట ఎగురుతుండగానే కోడి పెట్టేస్తారు. తోలు మాడిపోతుంది, తొడ దగ్గర పచ్చిగానే ఉంటుంది. ముందు నిప్పులు అవ్వనివ్వండి.

కోనసీమలో వంటచెరుక్కి కొదవేంటి? ఎండిన కొబ్బరి మట్టలతో రాజేసి, పైన సరుగుడు కట్టెలు పెట్టి, అవి బాగా అందుకున్నాక ఒక బుట్టెడు కొబ్బరి చిప్పలు వెయ్యండి, చిప్పల నిప్పులు గట్టిగా ఉండి చాలాసేపు నిలుస్తాయి. పచ్చి కొబ్బరి డొక్కలు, అంటే పీచు తొక్కలు, వెయ్యొద్దు, పొగ తప్ప ఏమీ రాదు. మంట అణిగి, పైన బూడిద కమ్మడానికి ముప్పావుగంట పడుతుంది. అప్పుడు నిప్పులన్నీ ఒక పక్కకి లాగి రెండో పక్క ఖాళీగా ఉంచండి. కోడి ఖాళీ వైపు ఉండాలి.

ముదురు పుంజు దీనికి పనికిరాదు, దాన్ని పులుసుకి ఉంచుకోండి. ఇంకా కూత పట్టని లేత పుంజు, కిలో, కిలోంబావు ఉంటే చాలు. తోలు తియ్యొద్దని కొట్టేవాడికి ముందే చెప్పాలి. వెన్నెముక పక్కన చీల్చి, రొమ్ము మీద అరచేత్తో గట్టిగా నొక్కితే టక్కుమని విరిగి చదునుగా పరుచుకుంటుంది, తొడలకి ఎముక దాకా రెండేసి గాట్లు పెట్టండి. ముందు రోజు రాత్రే ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి, కాస్త నూనె పట్టించేయండి. నిమ్మరసం మాత్రం కాల్చే గంట ముందు.

కోడిని ఊచకి గుచ్చి, ఎముక వైపు కిందికి పెట్టి అరగంట కదపకండి. తర్వాత తిప్పి తోలు వైపు పావుగంట, కొవ్వు కారి మంట లేస్తే కోడిని పక్కకి జరపండి, నీళ్లు చల్లితే బూడిద లేచి కోడికి అంటుకుంటుంది. కరివేపాకు రెబ్బలు కట్టగా పట్టుకుని నూనెలో ముంచి మధ్యమధ్యలో రాస్తుంటే తోలు ఎండదు, ఆ వాసనకి పక్క తోటలో వాళ్లు కూడా వచ్చేస్తారు. పచ్చి కోడికి పట్టించగా మిగిలిన మసాలా ఆఖర్లో పూయకండి.

ఉడికిందా లేదా రంగు చూసి చెప్పలేం, లేత కోడి బాగా ఉడికినా ఎముక దగ్గర ఎర్రగా కనిపించొచ్చు. మాంసం థర్మామీటర్ ఉంటే తొడ మందంలో, ఎముకకి తగలకుండా గుచ్చండి, 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. లేకపోతే తొడ కీలు దగ్గర కోసి చూడండి, మాంసం జిగటగా సాగినా, ఎముక వదలకపోయినా ఇంకో పదినిమిషాలు.

ఊచ లేదని గట్టు మీద దొరికిన గన్నేరు కర్ర గుచ్చొద్దు, విషం. జామ కర్రో వెదురో చూసుకోండి.

ఇంకో సంగతి, మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి మొదలవుతుంది. ఒకసారి మాకు చిన్న నిప్పురవ్వ ఎగిరి గడ్డిమేటు అంచున పడింది, పక్కనే బిందె ఉండబట్టి సరిపోయింది. గడ్డికీ తాటాకుకీ దూరంగా, గట్టు చాటున రాజేయండి, రెండు బిందెల నీళ్లు దగ్గర పెట్టుకోండి.

దించాక అరిటాకు మీద పదినిమిషాలు ఉంచి కొయ్యండి. తినేలోపు నిప్పుల మీద నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చెయ్యి దగ్గర పెట్టి చూసి రండి.