ల్యాబ్ కంప్యూటర్లలో వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్లు: సమస్య - పరిష్కారం

వీఎస్ కోడ్ అంటే ప్రోగ్రామ్‌లు రాసుకునే ఎడిటర్, ఎక్స్‌టెన్షన్లు అంటే దానికి అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రామ్‌లు. కాలేజీ ల్యాబ్‌లో ఒకే సిస్టమ్ మీద పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఇంకో బ్యాచ్ కూర్చుంటుంది. "నిన్న వేసుకున్న ఎక్స్‌టెన్షన్ ఇవాళ లేదు సార్" అని ఎవరైనా చెప్పగానే అన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. ముందు ఒక్కటి తేల్చుకోండి: అది ఎవరి అకౌంట్‌లోకి వెళ్లింది? ప్రోగ్రామ్ అందరికీ ఒక్కటే అయినా, ఎక్స్‌టెన్షన్లు ఎవరివి వాళ్లవే. విండోస్‌లో అవి యూజర్స్ ఫోల్డర్‌లో, లాగిన్ పేరున్న ఫోల్డర్ లోపల, చుక్కతో మొదలయ్యే వీఎస్‌కోడ్ ఫోల్డర్‌లో ఉంటాయి. లినక్స్‌లో హోమ్ డైరెక్టరీలో అదే పేరుతో ఉంటాయి.

సమస్య: అడ్మిన్ వేసిన ఎక్స్‌టెన్షన్ విద్యార్థి లాగిన్‌లో కనిపించదు.

అడ్మిన్‌గా లాగిన్ అయి వేస్తే అది అడ్మిన్ ఫోల్డర్‌లోకే వెళ్తుంది. అసలు వీఎస్ కోడే కనిపించకపోతే యూజర్ ఇన్‌స్టాలర్ వాడి ఉంటారు. అది ప్రోగ్రామ్‌ను కూడా ఆ ఒక్క అకౌంట్‌లోనే పెడుతుంది. ల్యాబ్‌కు కావాల్సింది ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్లే సిస్టమ్ ఇన్‌స్టాలర్.

ఎక్స్‌టెన్షన్లకు విండోస్‌లో మంచి మార్గమే ఉంది. వీఎస్ కోడ్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లో బూట్‌స్ట్రాప్ అనే ఫోల్డర్, దాని లోపల ఎక్స్‌టెన్షన్స్ అనే ఫోల్డర్ తయారుచేసి, కావాల్సిన ఎక్స్‌టెన్షన్ల వీఎస్ఐఎక్స్ (VSIX) ప్యాకేజీ ఫైళ్లు అందులో పెట్టండి. విద్యార్థి మొదటిసారి వీఎస్ కోడ్ తెరిచినప్పుడు అవి అతని అకౌంట్‌లో వాటంతటవే ఇన్‌స్టాల్ అవుతాయి. ఈ సౌకర్యం లినక్స్‌లో లేదు. అక్కడ ప్రతి యూజర్ లాగిన్‌లో నడిచే చిన్న స్క్రిప్ట్ రాసుకోవాలి.

సమస్య: లాగౌట్ చేసి వచ్చేసరికి, లేదా రీస్టార్ట్ అయ్యాక, అన్నీ మాయం.

లాగౌట్‌తో పోతే మాండేటరీ ప్రొఫైల్ (యూజర్ చేసిన మార్పుల్ని దాచుకోని ప్రొఫైల్) అయి ఉండొచ్చు. రీస్టార్ట్‌తో పోతే సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏదో నడుస్తోంది. విద్యార్థి ఎన్నిసార్లు వేసుకున్నా లాభం లేదు, ఆ పిల్లల్ని తప్పు పట్టకండి. ఆ రక్షణను కాసేపు ఆపి, బూట్‌స్ట్రాప్ ఫోల్డర్ సిద్ధం చేసి, మళ్లీ ఆన్ చేయండి.

సమస్య: లాగిన్ అవడానికే చాలా సేపు పడుతోంది.

రోమింగ్ ప్రొఫైల్ (యూజర్ ఫైళ్లు సర్వర్‌లో ఉండి, ఏ సిస్టమ్‌లో లాగిన్ అయితే అక్కడికి వచ్చే ప్రొఫైల్) ఉన్న చోట ఎక్స్‌టెన్షన్ల ఫోల్డర్‌ను అనుమానించండి. యాప్‌డేటాలోని లోకల్ ఫోల్డర్ మామూలుగా సర్వర్‌కు వెళ్లదు. కానీ వీఎస్‌కోడ్ ఫోల్డర్ యాప్‌డేటా బయట ఉంటుంది కాబట్టి ప్రొఫైల్‌తో పాటే అటూ ఇటూ తిరుగుతుంది. అందులోని లెక్కలేనన్ని చిన్న ఫైళ్లు ఒక్కొక్కటీ కాపీ అవ్వాలి. గ్రూప్ పాలసీలో (విండోస్‌లో అడ్మిన్ అందరికీ కలిపి పెట్టే సెట్టింగ్‌లలో) రోమింగ్ నుంచి మినహాయించే డైరెక్టరీల జాబితాలో ఆ ఫోల్డర్ పేరు చేర్చండి.

సమస్య: లినక్స్‌లో ఎక్స్‌టెన్షన్ వేయబోతే పర్మిషన్ ఎర్రర్.

ఎవరో సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, ఏదో నడిపి ఉంటారు. దాంతో వీఎస్‌కోడ్ ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్లకు యజమాని రూట్ (లినక్స్ అడ్మిన్ అకౌంట్) అయిపోయి ఉంటాడు. యజమానిని మార్చే చోన్ (chown) కమాండ్‌తో ఫోల్డర్ మొత్తాన్ని తిరిగి ఆ యూజర్ పేరు మీదికి మార్చండి. అందరికీ 777, అంటే చదివే, రాసే, నడిపే హక్కులన్నీ ఇచ్చి దులుపుకోవడం పరిష్కారం కాదు.

సమస్య: ఎక్స్‌టెన్షన్ ఉంది, పని చేయదు.

ల్యాబ్‌లో ఎక్కువ టైమ్ తినేది ఇదే. సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్‌తో పాటు కంపైలర్ రాదు, అది విడిగా ఉండాలి. ఒక లాగిన్‌లో కంపైల్ అయి ఇంకో లాగిన్‌లో కాకపోతే పాత్ (ప్రోగ్రామ్‌లను ఏ ఫోల్డర్లలో వెతకాలో సిస్టమ్‌కు చెప్పే జాబితా) చూడండి. మిన్‌జీడబ్ల్యూ (MinGW, విండోస్‌లో వాడే సీ ప్లస్ ప్లస్ కంపైలర్) దారిని యూజర్ వేరియబుల్స్‌లో పెడితే ఆ ఒక్కరికే పని చేస్తుంది. దాన్ని సిస్టమ్ వేరియబుల్స్‌లోకి మార్చి, వీఎస్ కోడ్‌ను మూసి మళ్లీ తెరవండి. కంపైలర్ ఫోల్డర్ కూడా ఒకరి డెస్క్‌టాప్ మీద కాక అందరూ చదవగలిగే చోట ఉండాలి.

విండోలో రిస్ట్రిక్టెడ్ మోడ్ అని కనిపిస్తే మాత్రం కారణం వేరు. ఆ ఫోల్డర్‌ను ఈ యూజర్ ఇంకా నమ్మలేదని అర్థం. ల్యాబ్ వాళ్లిచ్చిన ఫోల్డరే అయితే ట్రస్ట్ నొక్కాలి. ఇది ఒక్కొక్కరికీ విడిగా అడుగుతుంది.

ఇంత తతంగం ఎందుకు, అందరికీ కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్ చూపిస్తే సరిపోదా అని కొందరు చేస్తారు. విద్యార్థులకు రాసే హక్కు ఇచ్చి అలా ఎప్పుడూ చేయొద్దు. ఎక్స్‌టెన్షన్ వీఎస్ కోడ్‌ను తెరిచినవాళ్ల హక్కులన్నిటితో నడుస్తుంది. ఒకరు అందులో మార్చిన కోడ్ పక్కవాళ్ల అకౌంట్‌లో వాళ్ల ఫైళ్ల మీద పని చేస్తుంది. అలాంటి ఫోల్డర్ తప్పనిసరైతే చదివే హక్కు మాత్రమే ఇవ్వండి. అప్పుడు ఎవరూ సొంతంగా కొత్తవి వేసుకోలేరు, అది ఒప్పుకోవాల్సిందే.

మార్పులన్నీ అయ్యాక అడ్మిన్ లాగిన్‌లో చూసి వదిలేయకండి. ఇంతవరకూ ఆ సిస్టమ్‌లో అడుగుపెట్టని విద్యార్థి అకౌంట్‌తో లాగిన్ అయి, ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి రన్ చేయండి. ల్యాబ్ ఎగ్జామ్‌కు ఒకటి రెండు రోజుల ముందే ఈ పని చేస్తే, పరీక్షలో పిల్లలకు అనవసరమైన టెన్షన్ ఉండదు.