బడిలో పిల్లలందరూ మనవాళ్లే అనిపించాలంటే ఎలా?

హైదరాబాద్ బడుల్లో ఇంట్లో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, ఒడియా మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కనిపిస్తారు. వాళ్ల మధ్య స్నేహం నీతిబోధలతో పుట్టదు. దానికి టైంటేబుల్‌లో చోటివ్వాలి.

మొదటి మెట్టు: పేర్లు. జూన్‌లో బడి తెరవగానే ప్రతి పేరునూ ఇంట్లో ఎలా పలుకుతారో అడిగి, అలాగే పిలవండి. 'ఒడియా పిల్లాడు', 'కొత్తమ్మాయి' అనే పిలుపులు స్టాఫ్ రూములో కూడా వద్దు. ఆయమ్మ పేరు కూడా పిల్లలకు తెలియాలి.

రెండో మెట్టు: వారానికోసారి తరగతి సమావేశం. అసలు పని ఇక్కడే ఉంది. శనివారం ఇరవై నిమిషాలు చాలు. బెంచీలు పక్కకు జరిపి అందరూ కింద గుండ్రంగా కూర్చోవాలి, టీచరు కూడా. డస్టర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు పక్కవాళ్లకు అందించవచ్చు. 'ఈ వారం నీకు ఎవరు సాయం చేశారు?' అని తేలిక ప్రశ్నతో మొదలుపెట్టి, తర్వాత ఒక్క సమస్య తీసుకోండి. కుళాయి దగ్గర తోపులాట అనుకుందాం. ఎవరు తోశారన్న పంచాయితీ వద్దు. సోమవారం నుంచి ఏం చేద్దామని అడగండి. 'చిన్న తరగతులు ముందు' అని వాళ్లే తేల్చితే, వాళ్ల చేతనే బోర్డు మీద రాయించి, వచ్చే శనివారం మళ్లీ చూడండి. మధ్యలో తీర్పు చెప్పాలని టీచరు నాలుక దురద పెడుతుంది, ఓర్చుకోవాలి!

మూడో మెట్టు: జోడీలు. ఏడో తరగతి వాళ్లకు రెండో తరగతి పిల్లలను ఏడాది పొడవునా జతచేసి, పదిహేను రోజులకోసారి కలిసి కథ చదివించండి. క్లాసు ఫస్టులకే ఈ బాధ్యత ఇస్తే దండగ. అల్లరి పిల్లలకు ఇచ్చి చూడండి. ఇంటి భాష ఒకటే ఉన్నవాళ్లు దొరికితే మరీ మంచిది.

భోజనాల వేళ రోజుకొక టీచరు పిల్లల వరుసలోనే కూర్చుని తింటే సరిపోతుంది.

తల్లిదండ్రుల సమావేశం కూలికి వెళ్లేవాళ్లకు కుదిరే సాయంత్రం వేళ పెట్టండి. అక్కడ మార్కుల ఊసు చివర్లోనే రావాలి. 'నానమ్మ చిన్నప్పుడు ఆడిన ఆట కనుక్కుని రండి' అన్న హోంవర్కు ఏ భాష ఇంట్లోనైనా పనికొస్తుంది.

ఒక్క హెచ్చరిక. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపులనూ నిషేధించింది. నలుగురిలో తిట్టే బడిలో ఈ సమావేశాలు ఉత్త తంతే. ఇంట్లో తనను హింసిస్తున్నారని ఎవరైనా చెబితే దాన్ని తరగతి ముందు చర్చకు పెట్టకండి. విడిగా వినండి, ప్రధానోపాధ్యాయులకు చెప్పండి, పిల్లల సహాయవాణి 1098కు ఫోను చేయండి.