నాలుగు వాటాలు, ఒకే వైఫై: ఫైళ్ల పంపకాలతో నెట్ నెమ్మదిస్తే ఏం చేయాలి

అమలాపురంలో మేముండే మూడంతస్తుల ఇంట్లో నాలుగు వాటాలవారం ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ వాడుకుంటున్నాం. రౌటర్ బాధ్యత నాది కనుక, ఫిర్యాదు రాగానే ఎవరినో ఒకరిని తప్పుపట్టకుండా, లక్షణాన్ని బట్టి కారణాన్ని వెతకడం అలవాటు చేసుకున్నాను.

లక్షణం: సాయంత్రం వీడియో కాల్‌లో మాట ముక్కలుగా వినిపిస్తుంది, చిన్న పేజీ కూడా ఆలస్యంగా తెరుచుకుంటుంది, కానీ ఆ సమయంలో పెద్ద డౌన్‌లోడ్ ఏదీ నడుస్తుండదు.

ముందుగా కంప్యూటర్‌లో గూగుల్ సర్వర్ చిరునామా 8.8.8.8కు పింగ్ పెట్టి, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడాలి. మామూలుగా 20, 30 మిల్లీసెకన్లలో వచ్చే జవాబు 800 దాటి వస్తోందంటే అప్‌లోడ్ నిండిపోయిందని ముందుగా అనుమానించాలి. టొరెంట్ ప్రోగ్రామ్ ఫైలును దించుకుంటూనే ఇతరులకు పంపుతుంది, దించుకోవడం పూర్తయ్యాక కూడా పంపుతూనే ఉంటుంది. ఫోటోలను క్లౌడ్‌కు ఎక్కించే ఫోన్లు చేసేదీ ఇదే పని. మనం దించుకునే ప్రతి పేజీకీ 'అందింది' అనే చిన్న రసీదులు అప్‌లోడ్ దారిలోనే వెనక్కి వెళ్లాలి. సఖినేటిపల్లి రేవులో లారీల వరుస వెనుక నిలిచిన సైకిలులా, ఆ రసీదులు పెద్ద ఫైళ్ల ముక్కల వెనుక ఆగిపోతాయి, అందువల్ల డౌన్‌లోడ్ కూడా మందగిస్తుంది.

పరిష్కారం: టొరెంట్ ప్రోగ్రామ్‌లో అప్‌లోడ్‌కు పరిమితి పెట్టాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. స్పీడ్ టెస్ట్ మెగాబిట్లలో చూపిస్తుంది, ప్రోగ్రామ్ కిలోబైట్లలో అడుగుతుంది. అప్‌లోడ్ 10 మెగాబిట్లయితే, ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 1250 కిలోబైట్లు. అందులో 80 శాతం 1000. ఒక్కరే వాడే ఇంట్లో అది చాలు కానీ, నలుగురం పంచుకునే చోట 400 దాటనివ్వకపోవడం న్యాయమని నా అభిప్రాయం.

ఈ పరిమితి ఒక్క కంప్యూటర్‌కే వర్తిస్తుంది. ఇల్లంతటికీ కావాలంటే రౌటర్‌లోనే వంతులు పెట్టాలి. ఎగువ రైతులు తూములు బార్లా తెరిస్తే శివారు చేలకు నీరందదని మన కాలువల కింద వంతులవారీగా నీరు వదులుతారు కదా, 2018లో ప్రయోగాత్మక ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం)గా ప్రచురితమైన ఎఫ్‌క్యూ-కోడెల్ అనే వరుస పద్ధతి ప్యాకెట్లకు, అంటే డేటా ముక్కలకు చేసేదీ అదే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్లలో ఇది ఉంటుంది. కొలిచిన వేగంలో 85 నుంచి 90 శాతాన్ని అక్కడ నమోదు చేయాలి, ఎందుకంటే వరుస మోడెమ్‌లో కాక మన రౌటర్‌లో ఏర్పడితేనే వంతు మన చేతిలో ఉంటుంది. మార్చాక, అప్‌లోడ్ నడుస్తుండగానే మళ్లీ పింగ్ చూడాలి.

లక్షణం: నడుస్తున్న వీడియో ఆగదు కానీ కొత్త పేజీ తెరుచుకోదు, రౌటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తే కాసేపు బాగుంటుంది. టొరెంట్ వందల కనెక్షన్లు తెరవడంతో చిన్న రౌటర్‌లోని కనెక్షన్ల పట్టిక నిండిపోతుంది. మొత్తం కనెక్షన్లను 100కు, ఒక్కో టొరెంట్‌కు 30కి కుదిస్తే చాలు.

లక్షణం: పెరట్లోని గదిలో ఎవరో ఫైలు పంపుకుంటే అందరికీ నెమ్మదిస్తుంది. వైఫైలో గాలి అందరిదీ. తడిసిన కొబ్బరాకుల మీదుగా సిగ్నల్ బలహీనపడితే, 6 మెగాబిట్ల వేగంతో మాట్లాడే ఫోన్, అదే ఫైలుకు 60 మెగాబిట్ల ఫోన్ కన్నా దాదాపు పదింతలు ఎక్కువసేపు గాలిని ఆక్రమిస్తుంది. అందులోనూ ఒకే ఇంట్లో వైఫై మీదున్న రెండు పరికరాల మధ్య వెళ్లే ఫైలు గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. మేము ఆ గదికి కేబుల్ లాగి, చివర చిన్న యాక్సెస్ పాయింట్ (వైఫై అందించే పెట్టె) పెట్టాం. ఇరుగుపొరుగు వైఫైలతో ఢీకొనకుండా 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకున్నాం.

ఇక కరెంటు పోయి వచ్చిన వెంటనే నెట్ కదలకపోతే కంగారుపడనక్కరలేదు. అప్పటివరకు ఆగిన ఫోటోల బ్యాకప్‌లన్నీ ఒకేసారి మొదలవుతాయి. బ్యాకప్‌ను, టొరెంట్‌ను రాత్రి 12 నుంచి ఉదయం 5 వరకే నడిచేలా సమయం పెట్టుకుంటే, సాయంత్రం పిల్లల ఆన్‌లైన్ పాఠాలకు అడ్డు ఉండదు.