కాలినడక ఊరిలో పాత్రల ఆట: కర్నూలు పాతబస్తీని నలుగురు కూర్చుని ఆడుకోవడం ఎలా

పాత్రల ఆట అంటే నలుగురైదుగురు ఒకచోట కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క మనిషి పాత్రను తీసుకుని, ఆ మనిషి ఏం చేస్తాడో ఏం మాట్లాడతాడో తామే చెబుతూ, ఫలితం అనుమానంగా ఉన్నచోట పాచికలు వేస్తూ నడిపించుకునే కథ. ఇంగ్లీషులో దీనిని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. ఆటగాళ్లలో ఒకరు సొంత పాత్ర లేకుండా, దారిలో ఎదురయ్యే మనుషులూ ఎండా వానా అంగళ్లూ అన్నీ తానై నడిపిస్తారు. ఆ వ్యక్తికి గేమ్ మాస్టర్ అని పేరు. మన నాటకాలలో సూత్రధారి అనే చక్కని మాట ఉన్నది కాబట్టి ఇక్కడ దానినే వాడుతున్నాను.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ లోకమంతా వ్యాపించడంతో, ఈ ఆట అంటే నేలమాళిగలు, రాక్షసులు, మంత్రపు కత్తులు అనే అభిప్రాయం స్థిరపడిపోయింది. అయితే దానికి ఐదేళ్ల ముందు, 1969లో, అమెరికాలోని మిన్నియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరాలలో డేవిడ్ వెస్లీ నడిపిన బ్రౌన్‌స్టైన్ అనే ఆటలో రంగస్థలం ఒక ఊరు. యుద్ధపు ఆట ఆడదామని వచ్చినవారికి ఆయన ఆ ఊరి మేయరు, బ్యాంకరు, విశ్వవిద్యాలయ అధిపతి వంటి పాత్రలు ఇచ్చి, ఎవరి పని వారు చూసుకోమన్నాడు. ఆర్నెసన్ ఆ ఆటలో ఉన్నవాడే. కనుక ఊరి ఆట ఆడుకోవడం కొత్త పోకడేమీ కాదు. ఈ ఆటలకు అదే పుట్టిల్లు.

ఊరి ఆటకు కర్నూలు పాతబస్తీ వంటి చోటు దొరకడం అదృష్టమని నేను నమ్ముతాను. తుంగభద్రకూ హంద్రీకీ నడుమ ఒదిగిన ఈ ఇరుకు సందులలో బడికైనా గుడికైనా దర్గాకైనా కూరగాయల అంగడికైనా నడిచే పోవచ్చు. నడిచే మనిషిని నలుగురూ ఆపి పలకరిస్తారు. ఊరి పేరే ఆగడంలో పుట్టిందని పెద్దలు చెబుతారు. అలంపురం ఆలయాలకు రాళ్లు మోసే బండ్లు నది దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పెట్టుకునేవనీ, అందువల్ల ఇది కందెనవోలు అయిందనీ ఆ కథ. మీరు తయారుచేయబోయే ఆటకు కూడా ఆ ఆగడమే ఆధారం. మోటారుసైకిలు మీద పోయేవాడికి ఊరు దాటిపోయే దూరం మాత్రమే. నడిచిపోయేవాడికి ప్రతి మలుపులోనూ ఒక మనిషి, ఒక మాట, ఒక బాకీ ఎదురవుతాయి.

మొదటి పని పాచికలు కొనడం కాదు, నడవడం. ఆట ఆడదలచిన రోజుకు వారం ముందు ఒక చిన్న నోటుపుస్తకం పట్టుకుని, మీరు ఎంచుకున్న ప్రాంతంలో కనీసం రెండుసార్లు, ఒకసారి పొద్దున్నే, ఒకసారి దీపాలు పెట్టే వేళకు, నడిచి రండి. కొండారెడ్డి బురుజు దగ్గర మొదలుపెడితే దారి తప్పే భయం ఉండదు. దూరాలను మీటర్లలో కాక నిమిషాలలో రాసుకోండి. మా ఇంటి నుంచి కూరగాయల అంగడికి నా అడుగులో 8 నిమిషాలు. అదే దారి మా అమ్మకు 15 నిమిషాలు పడుతుంది, ఎందుకంటే ఆమెను దారిలో ముగ్గురు ఆపుతారు. ఈ రెండో సంఖ్యే మీకు కావలసినది. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ అరుగు మీద మనుషులు కూర్చుంటారు, ఏ సందులో ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే ఒకటి వెనక్కు పోక తప్పదు, ఉగ్గాణి బజ్జీల బండి ఎన్ని గంటలకు వస్తుంది, ఎప్పుడు ఖాళీ అవుతుంది, అజాన్ ఏ వైపు నుంచి ముందు వినబడుతుంది అన్నవి రాసుకోండి. ఫోటోలు తీయవద్దని నా సలహా. ఫోటో తీసిన చోటును మనసు మరిచిపోతుంది, పైగా ఎదుటివారికి ఇబ్బంది.

ఇంటికి వచ్చాక ఒక పెద్ద చార్టు కాగితం మీద పటం గీయండి. కొలతలు సరిగా కుదరనక్కర లేదు. పదీ పన్నెండు చోట్లను గుండ్రాలుగా గీసి, వాటి మధ్య గీతల మీద నిమిషాలు వేస్తే చాలు; అన్ని దూరాలనూ పది నిమిషాల లెక్కకు సర్దేయండి. ప్రతి గుండ్రం పక్కన ఒక వేళ, ఒక వృత్తి రాయండి: పొద్దున ఏడు గంటలకు పాలబండి, సాయంత్రం ఆరుకు పూలమ్మే ఆమె, రాత్రి తొమ్మిదికి షట్టరు దించే ఫోటోస్టాట్ అంగడి. అసలు మనుషుల పేర్లు మాత్రం రాయకండి. మీ వీధిలో నిజంగా పూలమ్మే ఆమె మీ ఆటలో వేళాకోళం కాకూడదు. వృత్తిని తీసుకుని మనిషిని కల్పించుకోండి.

చరిత్రను పటంలో ఎంత పెట్టాలి అన్నది చాలామంది అడిగే సందేహం. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆ మూడేళ్లలో ఆట పెట్టుకుంటే కొత్త ఉద్యోగులు, అద్దెలకు ఇళ్లు వెదికేవారు, దస్త్రాలు మోసే గుమాస్తాలు అన్నీ సిద్ధంగా దొరుకుతాయి. రెండో మూడో ఆటకు ఆ కాలం చాలా బాగుంటుంది. బురుజు నుంచి తుంగభద్ర అడుగున గద్వాల దాకా సొరంగం ఉందని చెప్పుకునే మాటను మాత్రం మొదటి ఆటలో పక్కన పెట్టండి. సొరంగం ఉందంటే ఆటగాళ్లందరూ అందులోకే దిగుతారు, వీధి ఖాళీ అవుతుంది.

పాత్రల తయారీకి అరగంట చాలు. ప్రతి ఆటగాడూ తన పాత్రకు ఒక జీవనోపాధి, ఆ రోజు పూర్తి కావలసిన ఒక పని, ఎవరికో తీర్చవలసిన ఒక బాకీ, ఎదురుపడకూడదనుకునే ఒక మనిషి, ఈ నాలుగూ చెప్పాలి. బాకీ డబ్బే కానక్కర లేదు. ఇచ్చిన మాట, తిరిగి ఇవ్వని స్టీలు గిన్నె, వెళ్లలేకపోయిన పెళ్లికి చెప్పవలసిన సంజాయిషీ కూడా బాకీలే. తరువాత కాళ్లు, మాట, చూపు, చేయి అనే నాలుగు గుణాలకు +2, +1, 0, -1 అనే నాలుగు అంకెలను తమ ఇష్టప్రకారం పంచుకోవాలి. కాళ్లు అంటే నడక, ఓపిక; మాట అంటే ఒప్పించడం, తప్పించుకోవడం; చూపు అంటే గమనించడం; చేయి అంటే వృత్తి నేర్పు. ఒక ఆటగాడి పాత్ర బాకీపడ్డ మనిషి పక్క ఆటగాడి పాత్రే అయితే ఆట ఎంతో చిక్కబడుతుంది కనుక, సూత్రధారి అలాంటి ముడులు ఒకటి రెండు వేయడానికి ప్రయత్నించాలి.

పాచికలకు లూడో పెట్టెలోని మామూలు పాచికలు రెండు చాలు. గవ్వలు వాడదామని నాకు చాలా ఆశగా ఉండేది. కానీ గవ్వ బోర్లా పడటానికీ వెల్లకిలా పడటానికీ అవకాశాలు సమానంగా ఉండవు, ఒక్కో గవ్వ ఒక్కో తీరు, లెక్క కుదరదు. రెండు పాచికలు వేసి వచ్చిన మొత్తానికి గుణం అంకె కలపండి. 10 లేదా అంతకు పైన అయితే పని అనుకున్నట్టు జరిగింది. 7 నుంచి 9 అయితే జరిగింది, కానీ ఏదో ఒకటి చెల్లించాలి. 6 లేదా అంతకు లోపు అయితే సూత్రధారి కొత్త చిక్కు తెస్తాడు. ఈ మూడంచెల పద్ధతి 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ రూపొందించిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆటతో ప్రచారంలోకి వచ్చింది.

ఈ పద్ధతి మన వీధికి ఎందుకు ఇంతగా నప్పుతుందో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. రెండు పాచికలు పడే తీరులు మొత్తం 36. గుణం సున్నా అయితే అందులో 6 తీరులు మాత్రమే పూర్తి విజయం. 15 చెల్లింపుతో కూడినవి, 15 చిక్కులు. గుణం +1 అయితే అవి వరుసగా 10, 16, 10 అవుతాయి. +2 అయితే 15, 15, 6. -1 అయితే 3, 12, 21. ఎంత నేర్పరికైనా 36లో 15 సార్లు ఏదో ఒకటి ఇచ్చుకోక తప్పదన్న మాట. రోజువారీ బతుకు స్వభావం అదే. పని అవుతుంది, కానీ పది నిమిషాలు పోతాయి, లేదా ఎవరికో మాట ఇవ్వవలసి వస్తుంది, లేదా చూడకూడని మనిషి చూస్తాడు. సూత్రధారి ఈ మూడింటినీ కాగితం మీద రాసుకుని ముందు పెట్టుకుంటే తడబాటు ఉండదు. తప్పినా అయినా తేడా పడని పనికి పాచికలు వేయించకండి. టీ తాగడానికి పాచికలు అక్కర లేదు.

కాలాన్ని చింతగింజలతో లెక్కపెట్టుకోవడం మాకు బాగా కుదిరింది. ఒక గింజ పది నిమిషాలు. పొద్దున 6 నుంచి 10 దాకా 24 గింజలు, సాయంత్రం 4 నుంచి 8 దాకా 24 గింజలు ఒక్కొక్కరికి ఇవ్వండి. నడిచినా, ఆగి మాట్లాడినా, వరుసలో నిలబడినా గింజలు గిన్నెలో పడాలి. వేసవి పెట్టుకుంటే నడిమధ్యాహ్నం బయటికి వచ్చేవారు సాయంత్రపు గింజలలో నుంచి ఒకటికి రెండు చొప్పున ఇచ్చుకోవాలి. ఏప్రిల్ నెలలో కర్నూలు ఎండలో నడిచినవారెవరూ ఈ నియమాన్ని తప్పుపట్టరు. షేర్ ఆటో ఎక్కే హక్కుగా ప్రతి ఆటగాడికీ రోజుకు మూడు నాణేలు ఇవ్వండి. ఆటో ఎక్కితే ఎంత దూరమైనా ఒక్క గింజే పోతుంది. అయితే దారిలో ఎవరూ ఎదురవరు, ఏ కబురూ తెలియదు. ఆటగాళ్లు మొదట ఆటోలు తెగ ఎక్కి, రెండో పూటకల్లా నాణేలు మిగిలి ఉన్నా నడవడం మొదలుపెడతారు. ఆ మార్పును చూడటం కోసమే నేను సూత్రధారిగా కూర్చుంటాను.

ఆట వరుస ఎలా సాగుతుందో ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. ఒక ఆటగాడి పాత్ర రహమత్ అనే దర్జీ. పెళ్లివారి బట్టలు తొమ్మిది గంటల లోపు అందించాలి. సూత్రధారి అతనితో, "బురుజు నీడన సోడా బండి పెద్దాయన నిన్ను చూసినాడు. 'ఏం రహమత్, ఇంత బిరీన యాడికి పోతుండావు? మా మనవని ప్యాంటు ఏమాయె?' అంటున్నాడు" అని చెబుతాడు. ఆటగాడు, "'సాయంత్రం ఇస్తా పెద్దాయనా, ఇప్పుడు పెళ్లోళ్ల బట్టలు తీస్కపోతుండా' అని ఆగకుండా నడుస్తాను" అంటాడు. మాట మీద పాచికలు పడ్డాయి: 3, 5; గుణం +1 కలిపితే 9. పని అయింది, చెల్లింపు ఉంది. ఒక గింజ ఇచ్చి అక్కడ నిలబడతావా, లేక సాయంత్రం ఆరుకు ప్యాంటు ఇస్తానని ఒట్టు పెడతావా అని సూత్రధారి అడుగుతాడు. రహమత్ ఒట్టు పెట్టి కదిలాడు. ఆ సాయంత్రం ప్యాంటు సంగతి, అది ఇంకా కత్తిరించనైనా లేదన్న సంగతి, ఆటను రెండు గంటలు నడిపించాయి. సూత్రధారి ముందుగా కథ అల్లుకోనక్కర లేదని చెప్పడానికే ఈ ఉదాహరణ. వీధి ప్రశ్న వేస్తుంది, ఆటగాడి జవాబు కథ అవుతుంది. మాటలు మాత్రం మన యాసలోనే పలకండి. పుస్తకభాషలో పలికితే సోడా బండి పెద్దాయన అక్కడ ఉండడు.

సొంత ఊరిని ఆడేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీ నీట మునిగింది. ఒకసారి నేను ఆలోచించకుండా కథలోకి వరద నీళ్లు తెచ్చాను. మా ఆటగాళ్లలో ఒకామె లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి వారి ఇల్లు మునిగిందని నాకు తెలుసు, అయినా తోచలేదు. అప్పటి నుంచి ఆట మొదలయ్యే ముందు ఏయే విషయాలు రాకూడదో ఒక్కొక్కరినీ విడిగా అడిగి, ఎవరు చెప్పారన్నది చెప్పకుండా అందరికీ వినిపిస్తాను. బల్ల మధ్య ఇంటూ (X) గుర్తు వేసిన ఒక కార్డు కూడా ఉంచుతాను. ఎవరు దానిని తాకినా ఆ సన్నివేశం అక్కడే ఆగిపోతుంది, కారణం అడగడం ఉండదు. కులం, మతం మీద నవ్వించే పాత్రలకు మా బల్ల దగ్గర చోటు లేదు. పక్కపక్క గోడల మధ్య బతికే ఊరిలో ఇది ముందే తేల్చుకోవలసిన సంగతి.

ముగ్గురు నలుగురు ఆటగాళ్లు, ఒక సూత్రధారి, మూడు గంటల సమయం ఉంటే ఒక రోజు కథ పూర్తవుతుంది. ఐదుగురు దాటితే తమ వంతు కోసం ఎదురుచూసేవారు ఫోన్లు తీస్తారు. ఆట ముగిసిన వెంటనే, ఎవరూ లేవకముందే, పటం వెనుక తేదీ వేసి, ఏ పాత్ర ఏ గుండ్రం దగ్గర ఆగిందో, ఎవరికి ఏ మాట ఇచ్చిందో రాయించుకోండి. తరువాతి ఆటకు ముందు మరొకసారి పొద్దున్నే ఆ దారిన నడిచి రండి. మూతపడిన అంగడిని పటంలో కొట్టేసి, కొత్తగా వచ్చిన బండిని చేర్చండి. మా పటంలో ఇప్పటికి ఏడు కొట్టివేతలు ఉన్నాయి, రహమత్ ఇంకా ఆ ప్యాంటుకు గుండీలు కుట్టవలసి ఉంది.